రియాక్టర్ సరే, ఆయిల్ సీల్ మాటేమిటి?

ప్రశ్న: బోట్ల ఇంజన్లు బాగుచేస్తానండి. అమెరికావాళ్ల అణు విమాన వాహక నౌకకి పాతికేళ్లు ఇంధనం పోయక్కర్లేదంటాడు మా అబ్బాయి. మరి దానికి రిపేర్లూ ఉండవా? మన విక్రాంత్ కూడా అలాంటిదేనా?
– ఒక పాఠకుడు, అంతర్వేది పల్లిపాలెం

జవాబు: అబ్బాయి చెప్పింది నిజమే. అయితే ఇంధనం అక్కర్లేదన్నారు గానీ, షాఫ్టు పక్కనుంచి నీళ్లు కారకుండా కుక్కే గ్లాండు ప్యాకింగ్ అక్కర్లేదని ఎవరూ అనలేదండి.

నేను వైజాగ్ డాక్‌యార్డులో ముప్పై ఏళ్లు వాల్వులు విప్పి బిగించినవాణ్ణి. అణు నౌక ఎక్కలేదు, ఆవిరి ఓడలు మాత్రం బాగా తెలుసు. తమాషా ఏమిటంటే, అణు నౌక కూడా ఆవిరి ఓడే. రియాక్టర్ ఇచ్చేది వేడి. ఆ వేడికి వేరే గొట్టాల్లో నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరి టర్బైన్‌ని తిప్పుతుంది, గేర్ల మీదుగా షాఫ్టు, షాఫ్టు చివర ఓడని తోసే ఫ్యాను, అదే ప్రొపెల్లర్. పనయిన ఆవిరిని మళ్లీ నీళ్లు చేయడానికి కండెన్సర్లోకి సముద్రపు నీరు లాగాలి. ఉప్పునీరు ఇనుముని ఏం చేస్తుందో మీకు నేను చెప్పాలా! అమెరికావాళ్ల నిమిట్జ్ తరగతి విమాన వాహక నౌకకి రెండు రియాక్టర్లే, షాఫ్టులు మాత్రం నాలుగు. ఇక పంపులు, సీళ్లు, గాస్కెట్లు ఎన్నో ఊహించుకోండి.

2000 నవంబరులో ఫ్రాన్స్ అణు నౌక షార్ల్ ద గోల్ అట్లాంటిక్‌లో అమెరికా వైపు పోతుంటే ఫ్యాను రెక్క విరిగింది. ఇంటిదారి పట్టి టూలోన్ రేవుకి వచ్చేసింది. చూస్తే పోత పోసినప్పుడే లోపల గాలిబుడగలు ఉండిపోయాయి. రెండో ఫ్యానుదీ అదే కథ. సరే, స్పేర్లున్నాయి కదా అంటే వాటిలోనూ బుడగలే! చివరికి క్లెమెన్సో, ఫోష్ అనే పాత ఓడల కోసం ఉంచిన ఫ్యాన్లు తెచ్చి బిగించారు. 27 నాట్ల (గంటకి 27 సముద్రపు మైళ్ల) వేగంతో పోవాల్సిన ఓడ కొన్నేళ్లు 24తో సరిపెట్టుకుంది. అణుశక్తిని లొంగదీసుకున్నవాళ్లు పోత దగ్గర దొరికిపోయారు.

నవ్వడానికేం లేదు. మొన్న దాళ్వాకి మా కాలవ ఇంజను ఆయిల్ సీల్ పోతే పట్నంలో ఒక షాపుకి వెళ్లాను. పాతది అరచేతిలో పెట్టి చూపించాను. "ఇదే సైజు బాబాయ్, సరిపోద్ది" అన్నాడు. రెండు మిల్లీమీటర్ల తేడా. తెల్లారి చూస్తే కాలవ నీళ్ల మీద రంగురంగుల నూనె తెట్టు. డాక్‌యార్డు మనిషినై ఉండి, కొలవకుండా జేబులో వేసుకొచ్చాను మరి!

వేట నిషేధం 61 రోజుల్లో మీరు బోటుని గట్టుకి లాగి పని కానిచ్చేస్తారు. అమెరికా వాళ్లు ఓడ సగం ఆయుష్షులో ఒక్కసారి వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్ యార్డుకి తెచ్చి, ఇంధనం మార్చి, ఓడంతా విప్పి బిగిస్తారు. జార్జ్ వాషింగ్టన్ అనే ఓడ 2017లో వెళ్లి 2023లో బయటికొచ్చింది. పాత సామాను పారేయడం వాళ్లకీ ఇష్టం ఉండదు. ఎనిమిది రియాక్టర్ల ఎంటర్‌ప్రైజ్ ఓడని విరమింపజేశాక దాని లంగరు ఒకటి అబ్రహాం లింకన్ అనే ఓడకి తగిలించారు. బరువు దాదాపు ముప్పై టన్నులు.

విక్రాంత్ అణు నౌక కాదండి. 2022 సెప్టెంబరులో కొచ్చిలో నేవీలో చేరిన ఆ ఓడకి నాలుగు గ్యాస్ టర్బైన్లు. మన ఇంకో విమాన వాహక నౌక విక్రమాదిత్యవి బాయిలర్లు. మన నేవీలో అణుశక్తి ఉన్నది జలాంతర్గాములకే. అరిహంత్‌ని 2009లో మా వైజాగ్‌లోనే నీళ్లలోకి దించారు.

ఇంతకీ మీ షెడ్డులో 42 మిల్లీమీటర్ల ఆయిల్ సీల్ ఉంటే ఒక కార్డు రాయండి. ఈసారి కొలిచే చెబుతున్నాను.