డ్యూటీలో లేనప్పుడు సాయం చేసిన నర్సుపై కేసు వస్తుందా?

మీరు స్టాఫ్ నర్సునని, దారిలో ప్రమాద బాధితుడికి సాయం చేశాక అతను చనిపోతే కేసు మీ మీదికి వస్తుందా అని, వరద శిబిరాల్లో స్వచ్ఛందంగా పనిచేసినా అదే భయం ఉంటుందా అని అడిగారు. నేను మత్తు వైద్యుణ్ణి; ఈ రెండు పనులూ చేశాను.

రోడ్డు ప్రమాదాల వరకు చట్టం గట్టిగా మీ పక్షానే ఉంది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ ప్రకారం, ప్రతిఫలం ఆశించకుండా సదుద్దేశంతో ఘటనాస్థలంలో సాయం చేసినవారిపై, ఆ సాయంలో జరిగిన నిర్లక్ష్యం వల్లే బాధితుడు మరణించినా, సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవు. వైద్య సాయాన్ని కూడా ఆ సెక్షన్ పేర్కొంది కాబట్టి నర్సు అయినంత మాత్రాన మీ రక్షణ తగ్గిపోదు. మీ పేరు, చిరునామా చెప్పమని పోలీసులు బలవంతం చేయకూడదని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

ఒకసారి హైవే మీద బైకు నుంచి పడిన యువకుడి తొడకు కండువా మడిచి అదిమిపట్టి, 108లో అతనితోపాటే ఆసుపత్రికి వెళ్లాను. క్యాజువాలిటీలో నన్ను అటెండరుగా సంతకం పెట్టి అడ్వాన్సు కట్టమన్నారు. బంధువు కానివారిని డబ్బు అడగకూడదన్న కేంద్ర మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలం కల్పించిందని వివరించాక, రిజిస్టరులో "తీసుకొచ్చినవారు" అని మాత్రమే రాసుకున్నారు.

అయితే ఈ సెక్షన్ మోటారు వాహన ప్రమాదాలకే పరిమితం. రైల్లో ఎవరికైనా గుండెపోటు వస్తే మీకు ఆధారం భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్: సమ్మతి తెలిపే స్థితిలో లేని వ్యక్తి మేలు కోసం సదుద్దేశంతో చేసిన పని నేరం కాదు. ఉచితంగా చేసిన సాయం వినియోగదారుల చట్టం కిందికీ రాదు. కానీ సివిల్ దావాకు 134ఏ లాంటి స్పష్టమైన అడ్డు అక్కడ లేదు. ఈ లోటును పార్లమెంటు పూడ్చాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

వరదల విషయంలో 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 73వ సెక్షన్, ప్రభుత్వం లేదా జిల్లా యంత్రాంగం తరఫున సదుద్దేశంతో పనిచేసేవారికి రక్షణ ఇస్తుంది. ఇందులో "తరఫున" అన్నదే కీలకం కనుక, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు నేను ముందుగా వైద్యారోగ్య శాఖ జాబితాలో పేరు రాయించుకున్నాకే శిబిరంలో కూర్చున్నాను. మీరూ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నకలు ఇచ్చి పేరు నమోదు చేయించుకోండి. శిక్షణ పొందిన పనులే చేయండి. ఇచ్చిన మందు, సమయం, బీపీ రోగి చీటీ మీద రాసి సంతకం పెట్టండి.