ఆర్డుయినోతో 12 వోల్టుల, 5 ఆంపియర్ల మోటారు నడుపుతుంటే ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ ఎందుకు కాలిపోతోంది?

తప్పు మీ 12 వోల్టుల మోటారుది కాదు. మాస్‌ఫెట్ కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు, గేటు దాన్ని తెరిచే కాలు. మీ ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ గేటుకు ఆర్డుయినో ఇచ్చే 5 వోల్టులు చాలడం లేదు. మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకోకుండానే 5 ఆంపియర్లు మోస్తోంది, అందుకే ఆ వేడి.

దాదాపు అందరూ పొరబడేది ఇక్కడే. డేటాషీట్‌లో థ్రెషోల్డ్ (తెరుచుకోవడం మొదలయ్యే గేటు వోల్టేజి) 2 నుంచి 4 వోల్టులని చూసి, 5 ఎక్కువే కదా అనుకుంటారు. ఆ అంకె 250 మైక్రోఆంపియర్లు పారడానికి మాత్రమే! 17.5 మిల్లీఓమ్‌ల రెసిస్టెన్స్ ఉన్న వరస చదవండి. అక్కడ గేటు వోల్టేజి 10 అని ఉంటుంది. కొనేముందు చూడవలసిన వరస అదే.

1. దాని బదులు ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ పెట్టండి. కాళ్ల క్రమం అదే, 5 వోల్టులకే గరిష్ఠంగా 25 మిల్లీఓమ్‌లు. విజయవాడ గవర్నర్‌పేటలో కొంటే మూడో అక్షరం ‘ఎల్’ అని చూసి తీసుకోండి.

2. గేటుకూ సోర్స్‌కూ (కరెంటు బయటికి పోయే కాలు) మధ్య 10 కిలోఓమ్‌ల రెసిస్టర్.

3. మోటారుకు అడ్డంగా ఎస్‌బీ560 డయోడ్, గీత ఉన్న కొస ప్లస్ వైపు.

4. ఆర్డుయినో పిన్నును హైలోనే (5 వోల్టుల వద్ద) ఉంచి, మోటారు లోడు మీద తిరుగుతుండగా డ్రెయిన్ (కరెంటు లోపలికి వచ్చే కాలు), సోర్స్ మధ్య వోల్టేజి కొలవండి. 0.13 వోల్టు దరిదాపుల్లో ఉండాలి. అర వోల్టు దాటితే గేటుకు ఇంకా వోల్టేజి చాలనట్టే.

ఇప్పుడు మాస్‌ఫెట్‌లో వేడిగా పోయే నష్టం సుమారు 0.6 వాట్లు. హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు రేకు) లేకుంటే అదే దాదాపు 39 డిగ్రీలు పెంచుతుంది. విజయవాడ మే ఎండలో 45 డిగ్రీలకు అది కలిస్తే 84. అందుకే చిన్న హీట్‌సింక్ అయినా పెట్టండి.