కొవ్వులో కేలరీలు ఎందుకు ఎక్కువ? – సమాధానం

మీ ప్రశ్న చాలా మంచిది. పిండిపదార్థాల్లోనూ కొవ్వుల్లోనూ ఉండేది కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజనే కదా, మరి గ్రాముకు ఒకదానికి 4 కేలరీలు, ఇంకోదానికి 9 ఎందుకు అని అడిగారు. కిటుకంతా ఆక్సిజన్ ఎంతుందన్న దాంట్లోనే ఉంది.

గ్లూకోజ్ అణువును చూడండి: 6 కార్బన్ పరమాణువులకు 6 ఆక్సిజన్లు. కొవ్వుల్లో ఉండే పామిటిక్ ఆమ్లంలో 16 కార్బన్లకు ఆక్సిజన్లు రెండే! మిగతాదంతా కార్బన్–హైడ్రోజన్ గొలుసు. మన కణాలు ఆహారాన్ని ఆక్సిజన్‌తో కలిపే శక్తి తీసుకుంటాయి. గ్లూకోజ్‌లో ఆ పని ముందే కొంత జరిగిపోయి ఉంది కాబట్టి అది సగం కాలిన కట్టె లాంటిది. కొవ్వు ఇంకా కాలాల్సినది. పైగా కొవ్వు బరువులో ఆక్సిజన్ వాటా కూడా తక్కువ.

నాకు ఇంతకంటే ముచ్చటేసే విషయం నిల్వ. గ్లైకోజెన్ (శరీరం గ్లూకోజ్‌ను నిల్వ చేసుకునే రూపం) దాచుకుంటే గ్రాముకు దాదాపు 3 గ్రాముల నీరు వెంట వస్తుంది. కొవ్వుకు నీరు గిట్టదు, పొడిగానే ఉంటుంది. అందుకే ఎక్కువ కాలానికి శరీరం కొవ్వునే నమ్ముకుంటుంది.

ప్రోటీన్ సంగతి కూడా అడిగారు. దాన్ని ప్రయోగశాలలో పూర్తిగా మండిస్తే గ్రాముకు 4 కేలరీల కంటే ఎక్కువే వస్తుంది. కానీ శరీరం అందులోని నైట్రోజన్‌ను యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది, కొంత శక్తి దాంతోపాటే పోతుంది. అందుకే లెక్కల్లో 4 అని వేస్తారు.

పరీక్షలో టెన్షన్ లేకుండా రాయాలంటే ఆ రెండు అణువుల సూత్రాలూ పక్కపక్కన రాసి ఆక్సిజన్లు లెక్కపెట్టి చూపించండి.