అద్దె కట్టడు, ఖాళీ చేయడు: కరెంటు పీకేస్తే పోతాడా?

"అద్దెకున్నాయన నెలల తరబడి డబ్బులివ్వడం లేదు. ఖాళీ చేయమంటే కోర్టుకెళ్లమంటున్నాడు. కరెంటు, నీళ్లు ఆపేస్తే దారికొస్తాడా?" అని అడిగారు. రాడండీ. మీరు ఫ్యూజు పీకిన మర్నాడే ఆయన బాధితుడైపోతాడు, మీరు దౌర్జన్యం చేసినవాళ్లవుతారు. మీరు అలా చేయకూడదని కోర్టు నుంచి ఇంజంక్షన్ ఆర్డరు తెచ్చుకుని ఇంకా హాయిగా కాలుమీద కాలేసుకుని కూర్చుంటాడు. ఆయన ఊళ్లో లేనప్పుడు సామాను బయటపెట్టి తాళం వేసేయమని కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో సెక్షన్ 6 ఉన్నది ఇలాంటి వాటి కోసమే. చట్టప్రకారం కాకుండా గెంటేసినవాణ్ని, అతను ఆరు నెలల్లోపు దావా వేస్తే, ఇల్లెవరిదన్న చర్చే లేకుండా కోర్టు మళ్లీ లోపలికి పంపగలదు. మీ తాళం మీరే తీసి, దగ్గరుండి గృహప్రవేశం చేయించాల్సి వస్తుంది.

మా సంగతి చెప్తాను. నాన్న రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కొన్న ఫ్లాటు అది. అద్దెకొచ్చినాయన మొదట్లో ఒకటో తారీఖు దాటనిచ్చేవాడు కాదు. తర్వాత "బిజినెస్ డల్‌గా ఉంది అంకుల్", ఆ తర్వాత "చెక్కు రావాలి అంకుల్", ఆ తర్వాత ఫోనెత్తడమే మానేశాడు. కింద పార్కింగ్‌లోకి కొత్త కారు మాత్రం వచ్చింది. అద్దె ఎగ్గొట్టేవాళ్లలో నిజంగా చేతిలో లేనివాళ్లు చాలా తక్కువని నా గట్టి నమ్మకం. లేనివాడు మొహం చెల్లక ముందే చెప్పుకుని, చిన్న ఇల్లు చూసుకుని వెళ్లిపోతాడు. మొండికేసేవాడికి కోర్టులు ఎంత నెమ్మదో మనకంటే బాగా తెలుసు. లెక్కలు చూపించమంటే నా దగ్గర లేవు, కోర్టు వరండాలో కూర్చుని పక్కవాళ్ల కథలు విని చెప్తున్న మాట ఇది.

చుట్టాల సంగతి ఇంకో తలనొప్పి. "మీకేం, ఉండటానికి ఇల్లుంది, పాపం పిల్లలున్నవాడు, కొన్నాళ్లు చూడండి" అంటారు. అతని పిల్లల స్కూలు ఫీజు ఆగలేదు, మా నాన్న మందుల బిల్లు మాత్రం నేను కడుతున్నాను. అసోసియేషన్ వాళ్లు ఇంకా నయం: మెయింటెనెన్స్ బాకీ పడితే లిఫ్టు పక్కన నోటీసు బోర్డులో ఎక్కింది నాన్న పేరే. అద్దె రాదు, దానికి తోడు ఊరందరి ముందూ ఎగవేతదారు అనే పేరు.

ఇక నోటీసు. 11 నెలల అగ్రిమెంటు అయిపోతే మనిషి తనంతట తానే వెళ్లిపోతాడనుకుంటారు చాలామంది. గడువయ్యాక కూడా అతను ఉంటూ, మీరు అద్దె తీసుకుంటూ పోతే మామూలుగా అది నెలవారీ అద్దె కింద సాగుతుంది. దాన్ని ముగించడానికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసివ్వాలి. ఒకప్పుడు ఆ 15 రోజులు సరిగ్గా అద్దె నెల చివరికి రాకపోతే కేసు కొట్టేసేవాళ్లట. 2002 చివర్లో అమల్లోకొచ్చిన సవరణతో ఆ పీడ వదిలింది.

మా లాయరు గారు నోటీసులో ఒక జాగ్రత్త తీసుకున్నారు. "అద్దె కట్టలేదు కాబట్టి లీజు రద్దు" అన్న ఒక్క ముక్క మీదే ఆధారపడితే, అదే చట్టంలోని సెక్షన్ 114 కింద అతను విచారణ నాటికి బాకీ, వడ్డీ, ఖర్చులు కట్టేసి, నన్ను ఉండనివ్వండని కోర్టును అడగొచ్చు. అందుకని మాకు ఇల్లు కావాలి, నెలవారీ అద్దె ఇంతటితో ముగిసింది అని సూటిగా రాశారు. అది అందిన వారానికే మా నాన్న ఫోన్లో టింగుమని మోగింది. అన్నాళ్లూ పైసా రాల్చనివాడు "ఈ నెల అద్దె" అని రాసి కొంత డబ్బు పంపాడు. నాన్న మొహం వెలిగిపోయింది, "చూశావా, మంచివాడేరా" అన్నారు. లాయరు గారు మాత్రం తల పట్టుకున్నారు. నోటీసు గడువు తర్వాతి కాలానికి అద్దె అని పుచ్చుకుంటే, నోటీసును మనమే వదులుకున్నామని సెక్షన్ 113 చూపించి వాదించే వీలుందట. "పాత బాకీలో జమ చేసుకుంటున్నాం, నోటీసు అలాగే ఉంది" అని వెంటనే రాతపూర్వకంగా పంపించాం.

దావా నడిచిన కాలం గురించి చెప్పడానికి ఏమీ లేదు. అతని లాయరు టైమడుగుతాడు, జడ్జి గారు సెలవులో ఉంటారు, ఆ రోజు లాయర్లు విధులు బహిష్కరిస్తారు. చివరికి ఇల్లు ఖాళీ చేసి బాకీ కట్టమని కోర్టు డిక్రీ వచ్చింది. ఇంట్లో అందరం పండగ చేసుకున్నాం. డిక్రీ చేతికొస్తే ఇల్లు చేతికొచ్చినట్టు కాదని అప్పటికి మాకెవరూ చెప్పలేదు. దాన్ని అమలు చేయించడానికి ఎగ్జిక్యూషన్ పిటిషన్ అని మళ్లీ వేయాలి. అవి ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పింది, అంతే.

కోర్టు ఆర్డర్లు అమలు చేసే అమీనా గారు వారంటు పట్టుకుని వచ్చిన రోజు నేనూ, లాయరు గారి జూనియరూ ముందే వెళ్లి మెట్ల దగ్గర నిలబడ్డాం. తలుపుకి కొత్త తాళం, ధగధగలాడుతోంది. గుమ్మం ముందు చెప్పులు లేవు. అయినా ఆ రోజు వస్తారని అతనికెలా తెలిసిందో! ఊరికే ఓసారి అతని నంబరుకి ఫోన్ చేశాను. లోపల, హాల్లో, రింగుటోను మోగింది. రెండు రింగులకి ఎవరో నొక్కేశారు. అమీనా గారి వంక చూశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "సార్, నాకు కనిపిస్తున్నది తాళం. తాళం పగలగొట్టమని ఈ వారంటులో లేదు" అని, గోడకానించి రిపోర్టు రాసుకున్నారు: ఇంటికి తాళం వేసి ఉన్నందున స్వాధీనం చేయలేకపోయాను. ఎదురు ఫ్లాటు ఆవిడ తలుపు సందులోంచి చూస్తోంది. సాక్షి సంతకం పెట్టమంటే తలుపేసుకుంది.

తాళం పగలగొట్టడానికి ఒక పిటిషను, పోలీసు సాయానికి ఇంకొకటి. రెండోసారి కానిస్టేబులూ, తాళాలవాడూ వచ్చేసరికి లోపల మనుషుల్లేరు. అమీనా గారు ఒక్కో వస్తువూ చూసి జాబితా రాశారు: చక్రం లేని సైకిలు, పాత పరుపు, సగం ఖాళీ అయిన పెయింటు డబ్బా. మా ఫ్యాన్లు, గీజరు పోయాయి. బాత్రూంలో కుళాయిలు కూడా విప్పుకెళ్లాడు. బాకీ డబ్బు డిక్రీలో ఉంది, మనిషే ఎక్కడున్నాడో తెలియదు.

మధ్యలో నాన్నకి నిద్ర పట్టనివ్వని మాట ఇంకొకటి: పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అతనిదైపోతుందని. మీకూ ఎవరో ఒకరు చెప్తారు. అద్దెకు దిగినవాడు ఆ అద్దె సంబంధం నడుస్తున్నంత కాలం "ఇది మీది కాదు" అని యజమానితో అనడానికి వీల్లేదు. పాత సాక్ష్య చట్టంలో ఇది సెక్షన్ 116, 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. అలాగని నోటీసిచ్చి పడుకోకండి. అద్దె సంబంధం ముగిసిన రోజు నుంచి పన్నెండేళ్లలోపు స్వాధీనానికి దావా వేయాలి. బాకీ అద్దెకైతే మూడేళ్లే, పాతవి ఒక్కో నెలా జారిపోతుంటాయి.

కాబట్టి ఫ్యూజు జోలికి పోకండి, కరెంటు బిల్లు మీ పేరు మీదుంటే కట్టేయండి. పెద్దమనుషుల పంచాయితీలకి తిరగడం మానేసి, ఈ వారమే లాయరు చేత నోటీసు పంపించండి. రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో ఆ ఫ్లాటుకీ, అగ్రిమెంటులో ఉన్న సొంతూరి చిరునామాకీ రెండు చోట్లకీ పంపండి, వాట్సాప్‌లో కూడా పెట్టండి. తీసుకోకుండా తిప్పి పంపిస్తే ఆ కవరు విప్పకండి. పోస్ట్‌మ్యాన్ రాసిన రాతతో, సీలుతో అలాగే లాయరుకివ్వండి.