అప్పడాల కట్ట మీద పేరు వేసే ముందు

చి.ల.సౌ. అమ్మాయికి,

బరంపురం నుంచి పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు పెట్టబోయే అప్పడాల వ్యాపారానికి ప్రకటనల ఏజెన్సీ చేత రాయించి పంపిన కాగితాలన్నీ చదివాను. లోగోకు మూడు నమూనాలు, భువనేశ్వర్‌లో హోర్డింగులకు అయ్యే ఖర్చు, ఒక సినిమా నటి చేత చెప్పించాలనుకుంటున్న మాట, అన్నీ ఉన్నాయి. ఈ అప్పడం ఎవరి కోసమో మాత్రం దొరకలేదు. ఒకచోట ‘అన్ని కుటుంబాల కోసం’ అని ఉంది. ఆ ఏజెన్సీ వాళ్లు సబ్బుకూ అదే రాస్తారు, సిమెంటుకూ అదే రాస్తారు.

బడాబజారులో ఇన్నేళ్లు హోల్‌సేల్ కొట్టు నడిపాను కాబట్టి చెబుతున్నాను. మన గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాల మీద పనికి వెళ్లినవాళ్లు సెలవులు అయిపోయి తిరిగి రైలెక్కే ముందు మన వీధికి వస్తారు. అప్పడాలు, వడియాలు, ఊరగాయ, మామిడి తాండ్ర కొంటారు. వాళ్లు ధర గురించి పెద్దగా బేరమాడరు. ‘విరగకుండా చేరుతాయా? మెత్తబడవు కదా?’ అనే అడుగుతారు. వాళ్లలో ఒడియావాళ్లూ ఉన్నారు, మనవాళ్లూ ఉన్నారు. ఊరు విడిచి వెళ్లిన ఆ మనిషి పళ్లెంలో బరంపురం అప్పడం ఇక్కడిలాగే పొంగాలి, ఇక్కడిలాగే కరకరలాడాలి. నన్నడిగితే నీ విజన్ ఇంతే. ఇది ఖాయం చేసుకుంటే మిగతావి వాటంతట అవే తేలుతాయి. సంచిలో నలగని గట్టి డబ్బా కావాలి. ఒక గదిలో నలుగురైదుగురు కలిసి వండుకుంటారు కనుక కట్ట ఆ లెక్కకు సరిపోవాలి. పేరు తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి. నటి అక్కరలేదు.

లిజ్జత్ అప్పడాల సంస్థ సంగతి నువ్వు చదివే ఉంటావు, అయినా ఈ కోణంలో మళ్లీ చూడు. 1959 మార్చి 15న బొంబాయి గిర్గావ్‌లో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టారు. మొదటిరోజు నాలుగు కట్టలు చేశారు. మొదటి ఏడాది అమ్మకం 6,196 రూపాయలు. లిజ్జత్ అన్న పేరు పెట్టుకున్నది మాత్రం 1962లో, అదీ పోటీ పెట్టి, అయిదు రూపాయల బహుమతి ఇచ్చి. అంటే పేరుకంటే ముందే వాళ్లకు ఒక ఉద్దేశం ఉంది: ఇంట్లో ఉన్న ఆడది దానం అడగకుండా తన చేతిపనితో సంపాదించుకోవాలి, పనిచేసే ప్రతి మనిషీ యజమాని కావాలి. ఇది గోడమీద రాసుకున్న మాట కాదు. పొద్దున్నే పిండి తీసుకెళ్లడం, ఇంట్లో ఒత్తి ఆరబెట్టడం, మర్నాడు తూకం వేయించి డబ్బు పుచ్చుకోవడం, ఈ పద్ధతంతా ఆ ఉద్దేశంలోంచే వచ్చింది.

మొదట్లో వాళ్లు చవక రకం ఒకటి, మంచి రకం ఒకటి చేయబోతే, వాళ్లకు దారి చూపిన ఛగన్‌లాల్ పారేఖ్ ఒప్పుకోలేదు. ఒకే రకం, ఒకే నాణ్యం అన్నాడు. నీ కాగితాల్లో ‘ఎకానమీ’, ‘ప్రీమియం’ అని రెండు వరుసలు కనబడ్డాయి. మొదటి వరుస కొట్టెయ్యి.

ఇంకొకటి, నాకు బాగా నచ్చినది. తొలి ఏడాది వానాకాలం నాలుగు నెలలు వాళ్ల పని ఆగిపోయింది. రెండో ఏడాది ఒక మంచం, ఒక స్టవ్ కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి కింద స్టవ్ వెలిగించి ఆరబెట్టారు. మనకు గోపాలపూర్ సముద్రం పక్కనే ఉంది. ఆషాఢం వచ్చిందంటే గాలిలోనే తడి. ప్రకటనలో ‘కరకర’ అని చెప్పే ముందు శ్రావణంలో ఒత్తిన అప్పడం ఎలా ఆరుతుందో తేల్చు. హోర్డింగు డబ్బుతో ఆరబెట్టే యంత్రం కొనవచ్చు. నా లెక్కలో అదీ ప్రచారమే.

పేరు విషయం. బరంపురం అన్న మాట ఒక్కటే నీ ట్రేడ్‌మార్కుగా నమోదవుతుందని ఆశపెట్టుకోకు. ఊరి పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదని చట్టం ఉద్దేశం. పక్క కొట్టువాడూ అదే రాసుకుంటాడు, రాసుకోనీ. ఊరి పేరు చిన్న అక్షరాల్లో ఉంచి, నీదంటూ ఒక పొట్టి పేరు వెతుకు. ఒకసారి పెట్టాక బొమ్మా రంగూ మార్చకు. అమూల్ పాప 1966 నుంచి ఆ చుక్కల గౌనుతోనే ఉంది, ఎవరికీ విసుగు పుట్టలేదు.

ప్రచారం అసలే వద్దనడం లేదు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీత కచేరీలలో దాన్ని ఉచితంగా పంచేవారు. గంటల తరబడి కూర్చుని పాట వినేవాళ్లకు తలనొప్పి రాకుండా ఉంటుందా! అవసరం ఎక్కడుందో అక్కడికే సరుకు వెళ్లింది. మనకు రెండేళ్లకోసారి ఊరి అమ్మవారి ఠాకురాణి జాతర ఉంది. సూరత్ వాళ్లూ ఇళ్లకు వస్తారు. అక్కడ బ్యానరు కట్టకు. పొయ్యి పెట్టి, వేయించి, చేతిలో పెట్టు. తిన్నవాడు డబ్బా అడిగితే అప్పుడు చూపించు.

ఇక భువనేశ్వర్ దుకాణాలవాళ్ల బేరం. నెలకు అంత సరుకు తీసుకుంటామంటున్నారు, కాని డబ్బా మీద వాళ్ల పేరే ఉండాలంటున్నారు. మన జిల్లా మొగలిపూల సంగతి నీకు తెలుసు. ఛత్రపూర్, రంగైలుండా వైపు పూలు కోసి, అక్కడి బట్టీల్లోనే రూహ్ అనే సుగంధ తైలం తీస్తారు. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా ఆ వాసన వేసిన సుగంధం, పాన్ మసాలా కొనేవాళ్లలో గంజాం పేరు ఎందరు విన్నారు? డబ్బు అవసరం ఉండి అలా అమ్మేవాళ్లను నేను తప్పుపట్టను. నువ్వు మాత్రం పేరు నిలబెట్టాలని విశాఖలో ఉద్యోగం మానుకొని వస్తున్నావు. మొదటి ఏడాదే నీ పిండి, నీ చేతి ఒడుపు, నీ దగ్గర పనిచేసే ఆడవాళ్ల శ్రమ ఇంకొకరి డబ్బాలోకి వెళ్తే, రేపు నీ డబ్బా పక్కన అదే అప్పడం రెండు రూపాయలు తక్కువకు ఉంటుంది.

వాళ్లకు ఈ వారంలోనే మర్యాదగా జవాబు రాయి, నాన్చకు. చేతిలో రొక్కం ఆడదని భయమైతే, ఆ ఏజెన్సీకి ఇవ్వబోయే బయానా ఇంకా నీ దగ్గరే ఉందిగా. యంత్రం చూడడానికి వచ్చేటప్పుడు ఒకరోజు ముందు ఫోను చెయ్యి, నేనూ వస్తాను.

పెదనాన్న