ముందు కాఫీ అడగడం నేర్చుకో

చిన్నా,

నువ్వు ఫోన్‌లో "పెదనాన్నా, సింగపూర్‌లో ఎక్కడ తినాలి?" అని ఒక్క ముక్క అడిగి పెట్టేశావు. తర్వాత మీ ఆఫీసు వాళ్లెవరో ఇచ్చిన లిస్టు కూడా పంపావు. చూశాను. పదిహేను చోట్లు, ఊరికి నాలుగు మూలలా. ఆ లిస్టు ఒక ఆరు నెలలు పక్కన పెట్టు. ఇరవై రెండేళ్లు అక్కడ తిన్నవాణ్ణి చెబుతున్నాను, నీ ఫ్లాట్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న హాకర్ సెంటర్ ఒక్కటి పట్టుకో. పొద్దున అక్కడే, ఆదివారం సాయంత్రం అక్కడే. మ్యాక్స్‌వెల్, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్, న్యూటన్ లాంటి పేరున్న సెంటర్లు ఎక్కడికీ పారిపోవు.

హాకర్ సెంటర్ అంటే పెద్ద రేకుల షెడ్డు లాంటిదే అనుకో. పైన ఫ్యాన్లు, నేలకు బిగించిన బల్లలు, చుట్టూ చిన్న చిన్న కొట్లు. ఈ కొట్లన్నీ ఒకప్పుడు రోడ్డు మీద బండ్లు. 1968-69లో ప్రభుత్వం బండ్ల వాళ్లందరి పేర్లూ రాసుకుని లైసెన్సులిచ్చింది. 1971 నుంచి 1986 దాకా విడతలుగా వాళ్లను నీళ్లు, డ్రైనేజీ ఉన్న ఈ కట్టడాల్లోకి మార్చింది. బండి పోయినా బండి అలవాటు పోలేదు. చాలా కొట్లలో ఇప్పటికీ ఒకటో రెండో వస్తువులే దొరుకుతాయి. ఒకాయన ముప్పై ఏళ్లుగా చేపల సూపే పెడుతుంటాడు, పక్కనామె వేయించిన నూడుల్సే చేస్తుంటుంది. అందుకని ఒకే కొట్టు ముందు నిలబడి మెనూ కోసం వెతక్కు. 2020లో యునెస్కో ఈ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చుకుంది. అక్కడి ముసలాళ్లు ఆ సంగతి చెప్పుకుని మురిసిపోతారు, వింటున్నట్టు తల ఊపు.

ఇక కాఫీ. ఇది కాస్త ఓపిగ్గా చదువు.

డ్రింక్స్ కొట్టు విడిగా ఉంటుంది. తిండి కొట్లలో కాఫీ అడిగితే వేలితో అటు చూపిస్తారు. నేను వెళ్లిన మొదటి వారం ఆ కొట్టు ముందు నిలబడి, "వన్ కాఫీ, విత్ మిల్క్, లెస్ షుగర్, నాట్ టూ స్ట్రాంగ్, ప్లీజ్" అని వ్యాసం చదివాను. ఆ ఆంటీ నన్నూ, నా వెనకాల ఉన్న ఎనిమిది మందినీ చూసి, "కోపీ సియూ డై పో" అని లోపలికి ఒక్క కేక వేసింది. నా వ్యాసమంతా ఆ నాలుగు మాటల్లో ఉంది!

ఆ మాటలు హొక్కియెన్ అనే చైనీస్ యాస, మలయ్, ఇంకా ఒకటి రెండు భాషల కలగలుపు. పెద్ద లెక్కేం కాదు. ఉత్త "కోపీ" అంటే కప్పు అడుగున కండెన్స్‌డ్ మిల్క్ వేసి ఇస్తారు, చాలా తియ్యగా ఉంటుంది. "కోపీ ఓ" అంటే పాలు లేకుండా చక్కెరతో, ఓ అంటే నలుపు. "కోపీ సీ" అంటే చిక్కబెట్టిన తియ్యదనం లేని డబ్బా పాలు, విడిగా చక్కెర. "కొసోంగ్" అంటే ఖాళీ అని, చక్కెర వద్దన్నమాట. "సియూ డై" తీపి తక్కువ, "గావ్" స్ట్రాంగ్, "పో" పల్చన, "పెంగ్" ఐసుతో. ఇవి వరసగా అతికించుకుంటూ పోవడమే. టీకి "టే" అని మొదలుపెట్టి తోకలన్నీ అవే పెట్టు. నీ నాలుకకు సరిపోయేది కోపీ సీ సియూ డై అని నా అంచనా. నువ్వు జిమ్ముకు వెళ్తున్నావట కదా, అయితే కోపీ ఓ కొసోంగ్. అది తాగితే మొహం ఎలా పెడతావో చూడాలని ఉంది.

కలిపేటప్పుడు ఒకసారి దగ్గరగా నిలబడి చూడు. పొడవు ముక్కున్న కెటిల్‌లో సాక్సు లాంటి గుడ్డ సంచి వేలాడుతుంటుంది, కాఫీ మరకలతో నల్లబడిపోయి. ఎక్కువగా రోబస్టా గింజలే వాడతారు. వాటిని చక్కెర, మార్జరిన్‌తో కలిపి వేయిస్తారు కాబట్టి ఆ మాడిన తీపి వాసన. అంకుల్ ఒక కెటిల్‌లోంచి ఇంకో దాంట్లోకి ఎత్తి పోస్తాడు, కప్పులో సగం చిక్కటి డికాక్షన్, ఆపైన వేడినీళ్లు. చివర్లో చెంచా వేసి ఇస్తాడు. కలపకుండా తాగావా, పైనంతా చేదు, అడుగున జీళ్ల పాకం. డాలరున్నర అటూ ఇటూ అవుతుంది. పార్సిల్ కావాలంటే "డబావ్" అను. కొన్నిచోట్ల ఇంకా దారం కట్టిన ప్లాస్టిక్ సంచిలోనే పోసిస్తారు, దాన్ని వేలికి తగిలించుకుని నడుస్తుంటే ఊరివాడిలా కనిపిస్తావు.

కాఫీతో పాటు కాయా టోస్ట్ చెప్పు. కాయా అంటే కొబ్బరిపాలు, గుడ్డు, చక్కెర, పాండన్ అనే సువాసన ఆకు వేసి చేసే జామ్. రెండు పల్చటి బ్రెడ్ ముక్కల మధ్య అది రాసి, మందపాటి చల్లటి వెన్న ముక్క పెడతారు. పక్కన సగం ఉడికిన గుడ్లు రెండు. వాటిని సాసర్‌లోకి కొట్టుకుని, నల్ల సోయా సాస్ నాలుగు చుక్కలు, తెల్ల మిరియాల పొడి వేసుకుని, టోస్ట్ ముంచుకుని తినాలి. పచ్చిగుడ్డులా ఉందని మొదట్లో నేను రెండు నెలలు ముట్టుకోలేదు. ఆ రెండు నెలలూ దండగ.

కూర్చునే సంగతి. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే అది ఎవరో మర్చిపోయింది కాదు. ఆ సీటు వాళ్లదని అర్థం, దీన్ని "చోప్" చేయడం అంటారు. నేను ఒకసారి అలాంటి ప్యాకెట్‌ను పక్కకు జరిపి దర్జాగా కూర్చున్నాను. రెండు ప్లేట్లు పట్టుకుని ఒకాయన వచ్చి, "అంకుల్, దిస్ వన్ చోప్ ఆల్రెడీ" అన్నాడు. నాకప్పుడు ముప్పై నాలుగేళ్లు. సీటు పోయినందుకు కాదు, అంకుల్ అన్నందుకు బాధేసింది. తర్వాత తెలిసింది, అక్కడ అందరూ అంకుల్, ఆంటీలే. నువ్వు కూడా కొట్టువాళ్లను అలాగే పిలువు. బల్ల దగ్గర ఖాళీ కుర్చీ ఉంటే ఎదుటివాళ్లను అడిగి కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. టిష్యూలు మాత్రం కొట్లలో ఇవ్వరు, జేబులో ఉండాలి.

తిన్నాక ట్రే, గిన్నెలు స్టాండులో పెట్టి రావాల్సిందే. 2021 సెప్టెంబర్ నుంచి దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. మొదటిసారికి రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి 300 డాలర్లు. హలాల్ గిన్నెలకు వేరే స్టాండు ఉంటుంది, బోర్డు చూసి పెట్టు. పొరపాటున మార్చి పెడితే ఫైన్ కంటే అక్కడి పెద్దావిడ చూసే చూపు ఎక్కువ బాధిస్తుంది.

మీ అమ్మ వచ్చినప్పుడు జాగ్రత్త. నీకు పట్టింపు లేదు కానీ తను గుడ్డు కూడా తినదు. కూరగాయల్లా కనిపించేవన్నీ శాకాహారం కావు. రొజాక్‌లో పండ్లు, కూరలే ఉంటాయి, కలిపే నల్ల సాస్‌లో రొయ్యల ముద్ద ఉంటుంది. సంబల్ అనే మిరప పచ్చడిలోనూ అంతే. మీ పెద్దమ్మ బోర్డు మీద "క్యారట్ కేక్" చూసి, భోజనం అయ్యాక తీపి తిందామని ఆర్డర్ ఇచ్చింది. వచ్చింది ముల్లంగి, బియ్యప్పిండి ఆవిరిపట్టిన దిమ్మను ముక్కలు కోసి గుడ్డుతో వేయించిన కారం వంటకం. క్యారటూ లేదు, కేకూ లేదు. ఆవిడ ఇప్పటికీ నా మీదే కోపం పెట్టుకుంది. మీ అమ్మను లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్‌కు తీసుకెళ్లు. లేదా వెజిటేరియన్ అని బోర్డున్న చైనీస్ కొట్లకు. అక్కడ చికెన్‌లా కనిపించేది సోయా, గోధుమలతో చేసింది. చూసి కంగారు పడుతుంది, ముందే చెప్పి ఉంచు.

నలుగురు ఫ్రెండ్స్‌తో వెళ్తే ఎవరి ప్లేటు వాళ్లు కొనుక్కోకండి. ఒకరు సాతే (పుల్లలకు గుచ్చి కాల్చిన మాంసం), ఒకరు పోపియా (కూరలు పెట్టిన పల్చటి చుట్ట), ఒకరు ప్రాటా (మన పరోటా లాంటిదే) తెచ్చి మధ్యలో పెట్టుకోండి. సాతే కోసం లావ్ పా సాట్ అనే హాకర్ సెంటర్ పక్కన బూన్ టాట్ స్ట్రీట్ బాగుంటుంది, సాయంత్రం ఏడు దాటాక కార్లు ఆపేసి రోడ్డు మీదే బల్లలు వేస్తారు. బొగ్గుల పొగ కళ్లల్లోకి వస్తుంది, అందుకే ఆఫీసు చొక్కాతో వెళ్లకు. పొడవాటి క్యూ చూసి మోసపోకు కూడా. 2016లో రెండు హాకర్ కొట్లకు మిషెలిన్ స్టార్ (హోటళ్లకు ఇచ్చే పెద్ద గుర్తింపు) వచ్చాక వాటి ముందు గంటల కొద్దీ క్యూ ఉండేది. నా మటుకు నేను పావుగంట దాటితే పక్క కొట్టుకు వెళ్లిపోయేవాణ్ణి.

తీపి విషయంలో నా ఓటు చెండోల్‌కే. గిన్నెలో తురిమిన ఐసు, కొబ్బరిపాలు, పాండన్ వేసి చేసిన ఆకుపచ్చ పిండి పోగులు, ఎర్ర బీన్స్, పైన గులా మెలాకా అనే తాటిజాతి చెట్ల బెల్లం పాకం. పాకం కిందికి జారుతూ దారి చేసుకుంటుంది, ఆ దారి వెంబడే చెంచా దించు. మొత్తం కలిపేస్తే రెండు నిమిషాల్లో బూడిదరంగు నీళ్లవుతుంది. ఐస్ కచాంగ్ పిల్లల వ్యవహారం, రంగులెక్కువ, ఐసు మీద మొక్కజొన్న గింజలు నాకెప్పుడూ మింగుడు పడలేదు.

కేఫ్‌లకు వెళ్లొద్దని అనను. తియోంగ్ బారూ వైపు మంచివి ఉన్నాయి, పుస్తకం పట్టుకుని కూర్చోవడానికి ఏసీ కావాలి కదా. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే మాత్రం లెక్క వేసుకో. 10 శాతం సర్వీస్ చార్జీ, దాని మీద 9 శాతం జీఎస్టీ. 10 డాలర్ల కేకుకు బిల్లు 11.99 వస్తుంది. నెలకు రెండుసార్లు చాలు.

పెద్దమ్మ పుటు పిరింగ్ గురించి రాయలేదేమని ఇప్పుడే గుర్తు చేసింది. బియ్యప్పిండిలో బెల్లం పెట్టి చిన్న అచ్చుల్లో ఆవిరి పట్టి, పాండన్ ఆకు మీద పెట్టి కొబ్బరితో ఇస్తారు. మొదటి కొరుకులో లోపలి బెల్లం నోరు కాలుస్తుంది, ఊదుకుంటూ తిను. రైల్లో తింటే 500 డాలర్ల దాకా ఫైన్ పడుతుంది కాబట్టి స్టేషన్ బయటే నిలబడి పని ముగించు. నాలుగు కొంటే రెండు ఇంటికి తీసుకెళ్దామని అనుకుంటావు, నేనూ ప్రతిసారీ అలాగే అనుకునేవాణ్ణి.

పెదనాన్న