ఊడుపుల రోజుల్లో నర్సరీ చెరువుకు నీళ్లు పెట్టేముందు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

ఈ సార్వాకి చేపపిల్ల నర్సరీ వేస్తున్నావని తెలిసి సంతోషించాను. నీ చెరువు చుట్టూ వరి మడులే కదా, అదొక్కటే నా భయం. ఊడుపులు జులై, ఆగస్టుల్లో. బొచ్చె, శీలావతి స్పాన్ (గుడ్డులోంచి కొత్తగా వచ్చిన పిల్ల) దిగేదీ అప్పుడే. ఊడ్చిన మూడు నుంచి ఐదు రోజుల్లోపు మడిలో పలచగా నీళ్లు నిలిపి బ్యూటాక్లోర్ అనే కలుపుమందు ఇసకలో కలిపి చల్లుతారు.

లెక్క వేసి చూడు. ఎకరాకు లీటరు బ్యూటాక్లోర్ 50 ఈసీ అంటే అసలు మందు 500 గ్రాములు. రెండంగుళాల నీళ్లంటే ఎకరాకు సుమారు 2 లక్షల లీటర్లు. మందంతా నీళ్లలోనే ఉంటే లీటరుకు 2.5 మిల్లీగ్రాములు. చాలా రకాల చేపలు నాలుగు రోజుల్లో సగం చావడానికి 1 మిల్లీగ్రాము కూడా అక్కర్లేదు. మందులో కొంత మట్టికి పట్టేస్తుంది, నిజమే. కానీ చల్లిన మర్నాడే వాన పడి గట్టు పొర్లిందంటే అది మురుగు కాలువలోకి, అక్కడి నుంచి నీ చెరువులోకి వచ్చేస్తుంది. పెండిమిథాలిన్ అనే కలుపుమందు కూడా చేపలకు ఘాటే. గట్ల మీద కొట్టే గ్లైఫోసేట్‌లో అసలు మందుకన్నా, ఆకుకు అంటుకోవడానికి కలిపే సబ్బులాంటి పదార్థమే మొప్పలను ఎక్కువ దెబ్బతీస్తుంది.

స్పాన్ 6 నుంచి 8 మిల్లీమీటర్లే. ఒంటికి తగ్గ బలం ఇంకా రాదు, చర్మం పలచన. పెద్ద చేప తట్టుకునే మోతాదు దానికి చావే. మందు నేరుగా చంపకపోయినా చెరువు నీళ్లలోని పచ్చటి నాచును చంపుతుంది. నీళ్లు ఉన్నట్టుండి తేటపడతాయి, ప్రాణవాయువు తగ్గుతుంది, చచ్చిన నాచు కుళ్లి మిగిలినదీ లాగేస్తుంది. పిల్లకు మేత కూడా పోతుంది. మూడు, నాలుగు రోజులకు పిల్ల తగ్గితే హేచరీని తిడతాం.

కాబట్టి ఊడుపులు మొదలవకముందే చెరువు నింపుకో. స్పాన్ వదిలాక పదిహేను, ఇరవై రోజులు కాలువ తూము మూసేసి, తగ్గిన నీటికి బోరు నీళ్లే పెట్టు. వలగుడ్డ కట్టాను కదా అని ధీమా పడకు. అది పురుగునీ అడవి చేపనీ ఆపుతుంది, మందును ఆపదు.

కాలువ నీళ్లు తప్పదంటే ముందు పరీక్ష చెయ్యి. రెండు టబ్బుల్లో పదేసి లీటర్లు పొయ్యి: ఒకదాంట్లో రాత్రంతా గాలి పట్టించిన బోరు నీళ్లు, రెండోదాంట్లో కాలువ నీళ్లు. చెరో 25 పిల్లలు వదిలి, నీడలో పెట్టి, మేత వెయ్యకుండా, రెండింటికీ సమంగా గాలి ఇస్తూ 24 గంటలు చూడు. కాలువ టబ్బులో నాలుగైదు ఎక్కువ చచ్చినా, పిల్ల గిర్రున తిరిగినా, ఆ నీళ్లు వద్దు.

చెరువులో పిల్ల తేలితే వేళ చూడు. తెల్లవారుజామున తేలి, పొద్దెక్కాక సర్దుకుంటే నీళ్లలో ప్రాణవాయువు తక్కువని అర్థం. అందులో పెద్దవి ముందు ఇబ్బంది పడతాయి. చిన్నవి ముందు పోతూ, మిట్టమధ్యాహ్నం కూడా తిక్కగా ఈదుతుంటే విషం అనుకో. వెంటనే తూము మూసి, బోరు నీళ్లు పెట్టి, ఏరేటర్ వేసి, మేత ఆపు. సున్నం చల్లకు, ఈ మందును అది విరవదు. ఆ గంటలోనే గాజు సీసా నిండా నీళ్లు పట్టి ఐసులో పెట్టి ల్యాబుకు పంపు. ఆలస్యమైతే ఆధారం దొరకదు.

స్పాన్‌కు బయానా ఇచ్చేముందే పై మడుల రైతుల దగ్గరకు వెళ్లి, మందు ఎప్పుడు చల్లుతారో కనుక్కో. చల్లాక వారం రోజులు నీళ్లు బయటకు వదలొద్దని, స్ప్రేయర్ కాలువలో కడగొద్దని అడుగు. నీళ్లు నిలిస్తేనే వాళ్ల కలుపూ చస్తుంది, కాదనరు.

మీ మావయ్య